కణుజుకు ఎంత గుండు? రాయచూరు ముట్టడి నుంచి నేటి చట్టం దాకా

మాధవరం పొలాలు దాటి తుంగభద్ర అవతలి ఒడ్డుకు చేరితే రాయచూరు సీమ. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఆ కోటను ముట్టడించినప్పుడు క్రిస్టోవావ్ ద ఫిగెయిరెదో అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఇరవై మంది తుపాకిగాళ్లను వెంటబెట్టుకుని రాయల పక్షాన నిలిచాడు. కోటలోని బిజాపురం సైనికులు గోడల మీద నుంచి నిర్భయంగా తొంగి చూసేవారు. తుపాకి గుండు మనిషిని అంత దూరం నుంచి పడగొట్టగలదని వాళ్లు అంతవరకూ కళ్లారా చూడలేదని పోర్చుగీసు వృత్తాంతకారుడు నూనిజ్ రాశాడు. చూశాక గోడలు ఖాళీ అయ్యాయి. రాయల మనుషులు గడ్డపారలతో రాళ్లు ఊడబెరికారు. చివరికి కోట అధిపతి కూడా గుండుకే నేలకూలాడు. గురి చూసి కాల్చిన తుపాకి ఒక పోరు ఫలితాన్ని తిప్పేసిన సంఘటనల్లో మన ఆదోని సీమకు ఇంత చేరువలో జరిగింది ఇదే.

అక్కడి నుంచి ఐదు వందల ఏళ్లు. ఈ ఐదు వందల ఏళ్లలో మన నేల మీద తుపాకి పట్టిన ప్రతివాడూ రెండు ప్రశ్నలు ఎదుర్కొన్నాడు. గుండు ఎంత లావుండాలి? అది ఒంట్లో దిగాక ఏం చేయాలి? మొదటి ప్రశ్నకు జవాబు ఎప్పుడూ ప్రభుత్వాలే ఇచ్చాయి. యుద్ధాల భయంతో, తిరుగుబాట్ల భయంతో ఈ బోరు ఉండొచ్చు, ఆ బోరు ఉండకూడదు అని శాసించాయి. రెండో ప్రశ్నకు జవాబు గాయపడి పొదల్లోకి పారిపోయిన జంతువు నెత్తుటి జాడ పట్టుకుని వెళ్లిన కొద్దిమంది మాత్రమే కనుక్కున్నారు. వేట చరిత్ర రాసినవాళ్లు మొదటి జవాబుకే ఎక్కువ పేజీలు ఇచ్చారు. నాకు రెండోదే ముఖ్యం. దాన్ని నేర్చుకోవడానికి మూల్యం చెల్లించినవి మూగజీవాలు గనక.

జంతువు సంగతి ముందు తేల్చుకోవాలి. అమెరికా కొండల్లో వేటగాళ్లు ఏ కాలిబరు మంచిదని తరాలుగా వాదించుకునే ఎల్క్ మగది మూడు వందల కిలోల పైచిలుకు తూగుతుంది. మన నల్లమలలోని కణుజు మగది 225 నుంచి 320 కిలోల దాకా ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ సింహళంలోనూ ఉన్న తెల్లదొరలు కణుజునే ఎల్క్ అని పిలిచేవారు. కాబట్టి ఎల్క్‌కు ఏ గుండు అన్న ప్రశ్న మన అడవుల్లోనూ అడిగిందే. దట్టమైన ఎముక, మందమైన తోలు, మెడ చుట్టూ జూలు, గుండు తగిలాక కూడా కొండ ఎక్కి లోయలోకి దిగిపోగల దమ్ము, ఇవన్నీ కణుజులో ఉన్నాయి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం నల్లరేగడి మైదానాల్లో తిరిగే కృష్ణజింక బరువు నలభై కిలోల అటూ ఇటూ. ఒకప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లాలో పడమట నలభై కిలోల జింక, తూర్పున మూడు వందల కిలోల కణుజు. ఒకే తుపాకితో రెండింటినీ కొట్టాలనుకున్నవాళ్లు చేసిన పొరపాట్లే ఈ కథలో చాలా భాగం.

తుపాకి వచ్చినంత మాత్రాన వేట మారలేదు. హంపి మహర్నవమి దిబ్బ మీది శిల్పాల్లో బల్లెం పట్టి జింకల్ని తరిమే వేటగాళ్లు ఉన్నారు. శ్రీశైలం ప్రాకారం గోడల మీదా వేట దృశ్యాలున్నాయి. ఒత్తి అంటించి కాల్చే తోడా తుపాకి కోట గోడ మీద నిలబడ్డ మనిషికి సరిపోయింది గానీ, జింక దగ్గర దాని ఆటలు సాగలేదు. కాలుతున్న ఒత్తి వాసన గాలివాటున జంతువుకు ముందే చేరుతుంది. నిప్పు మందును అందుకునే లోపు మెలకువైన జింక నాలుగు గంతులు వేసి ఉంటుంది. అందుకే ఈ సీమ వేటగాళ్లు వలల్నీ కుక్కల్నీ విల్లంబుల్నీ వదల్లేదు. కొమ్ములకు ఉచ్చులు కట్టిన పెంపుడు మగజింకను మందలోకి తోలి, అది మందలోని మగదానితో కుమ్ములాడేటప్పుడు రెండోదాన్ని పట్టే పద్ధతి దక్కనులో చాలాకాలం సాగింది. దొరలూ నవాబులూ చీతాలను పెంచి జింకల మీదికి వదిలేవారు. బోయలు ఈ విద్యల్లో ఆరితేరినవారు. హైదర్, టిప్పు సేనల్లో బోయ సైనికులకు ఉన్న పేరు ఊరికే రాలేదు. వేటలో కుదిరిన గురి, ఓర్పు యుద్ధానికి అక్కరకొచ్చాయి.

ఆదోని చేతులు మారుతూ వచ్చింది. విజయనగరం పడ్డాక బిజాపురానికి, తర్వాత మొగలులకు, ఆ పైన నిజాం వంశానికి. 1786లో టిప్పు ఈ కోటను ముట్టడించి పట్టుకున్నాడు. 1800లో నిజాం బళ్లారి, కడప సీమలతో పాటు దీన్ని కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురైన మొదటి సమస్య పాలెగాళ్లు. ఎనభై మంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరి కింద కట్టుబడి బంట్లు, బంట్ల చేతుల్లో ఆయుధాలు. కంపెనీ ఆ బలగాన్ని పగలగొట్టింది. ఊరికి కావలి కాసే భూములిచ్చి పోషించిన తుపాకి, బల్లెం, కత్తి క్రమంగా అధికారుల లెక్కల్లోకి వెళ్లాయి. ఇక్కడి నుంచే బోరు ప్రభుత్వ వ్యవహారం అయింది.

1839లో కర్నూలులో జరిగింది ఆ భయానికి పరాకాష్ఠ. నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఆయుధాలు కూడబెడుతున్నాడని కంపెనీకి తెలిసింది. సోదా చేస్తే ఫిరంగులు, వాటిని పోతపోసే కొలుములు, గుట్టల కొద్దీ మందుగుండు బయటపడ్డాయి. అక్టోబరులో జోహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు. ఏడెనిమిదేళ్లకు కోయిలకుంట్ల దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచాడు. ఇలాంటి రెండు ఘటనలు చూసిన పాలకులకు రాయలసీమ పల్లెలో ఎవరి దగ్గర ఏ తుపాకి ఉందన్నది రెవెన్యూ లెక్కంత ముఖ్యమైపోయింది.

అయినా నాటు తుపాకి చావలేదు. పెట్లుప్పు, బొగ్గు, గంధకం కలిపి నూరిన మందు, మూతి నుంచి గజంతో దట్టించిన గుడ్డముక్క, దాని మీద సీసపు గుండు. గుండు లేకపోతే ఇనుప ముక్కలు. గొట్టం లోపల నునుపు. ముప్పై నలభై గజాలు దాటితే గుండు ఎటు పోతుందో కాల్చినవాడికే నమ్మకం ఉండదు. పంటలో పడ్డ అడవిపందిని చప్పుడుతో తరమడానికి అది చాలు. కణుజు మీద ప్రయోగిస్తే అది దుర్మార్గం. ఇనుప ముక్కలు తోలు కింద కండలో ఇరుక్కుంటాయి, ప్రాణం పోయే చోటికి చేరవు. కణుజు అడవిలోకి పోయి, పుండు కుళ్లి, రోజుల తరబడి నరకం చూస్తుంది.

తెల్లదొరల తుపాకులు కూడా మొదట్లో ఇంతకన్నా చాలా తెలివిగా ఏమీ లేవు. వాళ్లు లావునే నమ్ముకున్నారు. బోరు లెక్క చాలా పాతది. ఒక పౌను సీసంతో గొట్టానికి సరిపోయే గుండ్లు పన్నెండు పోస్తే అది 12 బోరు, ఒక్కో గుండు సుమారు 38 గ్రాములు. నాలుగే పోస్తే 4 బోరు. శామ్యూల్ బేకర్ 1840లో బ్రిస్టల్‌లో చేయించుకున్న ఒంటి గొట్టం రైఫిలు 21 పౌన్ల బరువు. మూడు ఔన్సుల గుండు, దాని వెనుక ఒక ఔన్సు మందు. సింహళంలో ఏనుగుల్ని కొట్టడానికి అది. అదే బేకర్ కణుజును మాత్రం కుక్కలతో తరిమి కత్తితో పొడిచేవాడు. 1854లో వచ్చిన ఆయన పుస్తకం ఇంగ్లండులో ఎందరినో మన అడవుల వైపు లాగింది. ఆ పుస్తకంలో ధైర్యం ఉంది, దయ తక్కువ.

నాకు నచ్చినవాడు జేమ్స్ ఫోర్సిత్. మధ్య భారతంలో పనిచేసిన సైనికాధికారి. 1863లో వేట రైఫిలు గురించీ దాని గుండ్ల గురించీ ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. భారత అడవిలో తను చూసినదాని నుంచి సిద్ధాంతం కట్టాడు. ఆనాటి సైనిక రైఫిళ్లలో గొట్టం లోపలి గాళ్లు బిగువుగా మెలితిరిగి ఉండేవి. కోసుగా పొడవుగా ఉన్న గుండు దూరం పోయేది గానీ, మందు ఎక్కువేస్తే గాళ్లను పట్టుకోకుండా జారేది, అందుకే నెమ్మదిగా, వంపుగా పోయేది. అడవిలో గురి దొరికేది వంద గజాల లోపే. దూరం అంచనా వేసేంత వ్యవధి ఉండదు. అందుకని గాళ్ల మెలిక తగ్గించి, గుండ్రని లావు గుండు వేసి, మందు బాగా పెంచితే గుండు తిన్నగా వెళ్తుంది, వేటగాడి కన్ను ఎక్కడ నిలిచిందో అక్కడే తగులుతుంది అన్నాడు ఫోర్సిత్. ఇందులో లావు గొప్పదనం కన్నా గురి తప్పకూడదన్న పట్టుదల నాకు కనిపిస్తుంది. తప్పిన గుండుకన్నా పొట్టలో తగిలిన గుండు పాపమని ఆయనకు తెలుసు.

1871లో మద్రాసు రైలు మార్గం గుంతకల్లు, ఆదోనిల మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. పత్తి బేళ్లకు ఎంత దారి దొరికిందో తుపాకి పెట్టెలకూ అంత దారి దొరికింది. ఆ దశాబ్దంలోనే ఎక్స్‌ప్రెస్ రైఫిళ్లు ఊపందుకున్నాయి. .450, .500 కాలిబర్లు, తక్కువ బరువు గుండు, ఎక్కువ మందు, సెకనుకు ఐదు వందల మీటర్లు దాటే వేగం. గుండు ముక్కును బోలు చేసి అందులో సన్నని రాగి గొట్టం పెట్టేవారు, తగలగానే విచ్చుకోవడానికి. మైదానంలో నూట యాభై గజాల దూరాన నిలిచిన కృష్ణజింకకు అది అచ్చంగా సరిపోయింది. జింక అక్కడే పడేది. దాంతో ఆ రైఫిలునే భుజాన వేసుకుని అడవికి వెళ్లారు. కణుజు భుజం ఎముక మీద ఆ గుండు తునాతునకలైంది. పైన అరచేతంత పుండు, లోపల ఊపిరితిత్తులు చెక్కుచెదరవు. మైసూరులో ఏనుగుల్ని పట్టే ఖెడ్డాకు పేరుపడ్డ శాండర్సన్ మొదలు ఆనాటి అనుభవజ్ఞులందరూ బోలు గుండుకూ గట్టి గుండుకూ తేడా చెప్పడానికి పేజీలు వెచ్చించారు. కాలిబరు మార్చనక్కర్లేదు, గుండు మార్చండి అన్నది ఆ పేజీల సారం. ఈ సంగతి ప్రపంచం మళ్లీ మళ్లీ మరిచిపోయి మళ్లీ మళ్లీ నేర్చుకుంది.

1878లో ఆయుధాల చట్టం వచ్చింది. లైసెన్సు లేనిదే తుపాకి లేదు. వేట ఆ రోజు నుంచి కాగితం ఉన్నవాడి హక్కయింది. చెంచు విల్లు పట్టుకునే ఉన్నాడు. అహోబిలంలో కనుమనాడు మొదలయ్యే పారువేటలో నరసింహస్వామి పల్లకీ ఇప్పటికీ ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతుంది. ఆ ఉత్సవంలో చెంచుల చేతిలో ఉండేది బాణమే.

పందొమ్మిదో శతాబ్దం చివర పొగలేని మందు వచ్చి అన్ని లెక్కల్నీ తిరగరాసింది. వేగం ఎంతగానో పెరిగింది. ఉత్త సీసం ఆ వేగాన్ని తట్టుకోలేక గొట్టంలోనే కరిగి పూసుకుపోతుంది కాబట్టి గుండుకు లోహపు తొడుగు వేశారు. .303 సైనిక రైఫిలు గుండు 215 గ్రెయిన్లు, అంటే దాదాపు 14 గ్రాములు, నిలువెల్లా తొడుగు. అది మనిషిలోంచైనా జంతువులోంచైనా దబ్బనం దిగినట్టు దిగి అవతలికి పోయేది. 1895లో చిత్రాల్ దండయాత్రలో ఈ గుండ్లు తగిలిన శత్రువులు ఇంకా మీదికి వస్తున్నారని సైనికులు మొరపెట్టుకున్నారు. కలకత్తా పక్కన దమ్‌దమ్ ఆయుధాగారంలో కెప్టెన్ బెర్టీ క్లే తొడుగును ముక్కు దగ్గర తీసేసి సీసం బయటపడేలా గుండు తయారు చేయించాడు. తగలగానే ముక్కు విచ్చుకుంటుంది. గాయం భయంకరం. 1899 హేగ్ సమావేశం అలాంటి గుండ్లను యుద్ధంలో వాడకూడదని ప్రకటించింది.

ఇక్కడ పాఠకుడు ఒక క్షణం ఆగాలని నా విన్నపం. మనిషి మీద నిషిద్ధమైన ఆ గుండే వేటలో నీతిమంతుడి గుండు. సైనికుణ్ణి గాయపరచి పోరు నుంచి తప్పిస్తే చాలు, వైద్యుడు అతణ్ణి బతికిస్తాడు. జంతువుకు వైద్యుడు లేడు. దానికి గాయమంటే నెమ్మదిగా సాగే చావు. మెత్తని ముక్కు గుండు విచ్చుకుని గుండెనీ ఊపిరితిత్తుల్నీ ఒక్కసారిగా చెడగొడితే కణుజు పది ఇరవై అంగల్లో కూలుతుంది. నిలువునా తొడుగున్న సైనిక గుండుతో కొడితే సన్నని బెజ్జం పడుతుంది, నెత్తుటి జాడ కూడా సరిగా ఉండదు, వెతికేవాడికి దొరకదు. అందుకే ఇవాళ చాలా దేశాల వేట చట్టాలు విచ్చుకునే గుండే వాడాలని పట్టుబడతాయి. ఈ భేదం తెలియకుండా సైనిక తూటాలతో అడవికి పోయినవాళ్ల వల్ల మన నల్లమలలో ఎన్ని కణుజులు లోయల్లో ఒంటరిగా చచ్చాయో లెక్కపెట్టినవాడు లేడు.

1907లో బ్రిటిష్ ప్రభుత్వం భారతదేశంలోకీ సూడాన్‌లోకీ .450 కాలిబరు రైఫిళ్లు రానివ్వకుండా ఆపేసింది. పాత మార్టినీ హెన్రీ సైనిక రైఫిళ్లది కూడా .450 గుండే. వేటగాళ్ల కోసం వచ్చే తూటాల్లోని గుండు తిరుగుబాటుదారుల తుపాకుల్లోకి పోతుందని భయం. ఇంగ్లండు తుపాకి కంపెనీలు ఏం చేశాయి? గుండును వెంట్రుకవాసి లావు చేశాయి. .465, .470, .475, .476, ఇలా వరసగా కొత్త కాలిబర్లు పుట్టాయి. వేటలో ప్రాణి అవసరాన్ని బట్టి పుట్టిన కాలిబర్లు కావివి. ఒక సర్కారు ఉత్తర్వును తప్పించుకోవడానికి పుట్టినవి. ఏనుగుకూ దున్నకూ ఇవి పనికొచ్చాయి. కణుజుకు ఇంత పెద్దవి అనవసరం. ఆ దశాబ్దంలోనే వచ్చిన జెఫ్రీ .450/400, 7 మిల్లీమీటర్ల మౌజర్‌ను తన పేరుతో అమ్మిన రిగ్బీ .275, ఈ రెండూ జిమ్ కార్బెట్ చేతిలో ప్రసిద్ధి పొందాయి. చంపావత్ నరభక్షక పులిని చంపిన తర్వాత ఆయనకు బహుమానంగా వచ్చింది .275. పెద్ద అడవి జంతువుకు చిన్న కాలిబరు చాలదన్న మూఢనమ్మకాన్ని అది సడలించింది. మంచి గుండు, మంచి గురి, ఓపిక ఉంటే చాలు.

హైదరాబాదు రాజ్యంలో వేట రాచరికపు వేడుక. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గురికి పేరున్నవాడు. రాజా దీన్‌దయాళ్ తీసిన వేట ఫొటోలు ఇప్పటికీ చూడొచ్చు. 1902లో వరంగల్ సీమ నెక్కొండ దగ్గర వైస్రాయి కర్జన్ దంపతులు చచ్చిన పులి పక్కన నిలబడి దిగిన ఫొటో వాటిలో అందరికీ తెలిసింది. డేరాలు, ఏనుగులు, వందల మంది తోలేవాళ్లు. ఫొటోగా గొప్ప పనితనం. కానీ ఆ బొమ్మలో పడ్డ జంతువే ఉంటుంది, దెబ్బ తగిలి తప్పించుకున్నది ఉండదు. వేట చరిత్రను ఇలాంటి ఫొటోల నుంచి రాస్తే సగమే రాసినట్టు.

ఆ మిగిలిన సగం కొంత కెనెత్ ఆండర్సన్ రాతల్లో దొరుకుతుంది. బెంగళూరు మనిషి, 1910లో పుట్టి 1974లో పోయాడు. మన మామండూరు, చామల లోయ ఆయన కథల్లోకి ఎక్కాయి. ఆయన చేతిలో ఎప్పుడూ ఉండేది 1895 నమూనా వించెస్టర్, .405 కాలిబరు. 1904లో వచ్చిన ఆ తూటాది 300 గ్రెయిన్ల గుండు, 19 గ్రాములకు పైన. ఈ కాలం కొలతల్లో వేగం తక్కువ, దూరం పోదు. కానీ అడవిలో యాభై అరవై గజాల గురికి బరువైన మెత్తని గుండు సూటిగా లోపలికి దిగి పని పూర్తి చేస్తుంది. కణుజుకు ఏ గుండని ఆనాటి నల్లమలలో నన్ను అడిగి ఉంటే ఇలాంటిదే చెప్పేవాణ్ణి. మధ్యరకం కాలిబరు, బరువైన గుండు, మెత్తని ముక్కు, దగ్గరి నుంచి భుజం వెనక దెబ్బ. ఆండర్సన్ రాసిన సాహసాల మీద నాకు అనుమానాలు ఉన్నా, తుపాకి ఎంపిక మీద లేవు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలులో కలిశాయి. తుపాకి విషయంలో మారింది తక్కువ. .303 సైనిక కాలిబరు కాబట్టి జనానికి నిషిద్ధం. ఆ నిషేధం వల్లే .315 అనే కాలిబరు ఈ దేశంలో పాతుకుపోయింది. ఆస్ట్రియా మాన్‌లిషర్ తూటాను లీ ఎన్‌ఫీల్డ్ యంత్రంలో అమర్చిన రైఫిలు అది. ఈశాపూర్ కర్మాగారం దాన్ని ఏళ్ల తరబడి తయారు చేసింది. గుండు 244 గ్రెయిన్లు, దాదాపు 16 గ్రాములు. వందేళ్ల నాటి వేగం. నెమ్మదిగా పోయే బరువైన మెత్తని గుండు కాబట్టి వంద గజాల లోపు కణుజుకు అది నిజంగానే చాలినది. చట్టం భయంతో పుట్టిన ఒక కాలిబరు వేట అవసరానికి ఇంత దగ్గరగా రావడం యాదృచ్ఛికం.

రైఫిలు లైసెన్సు దొరికిందెందరికి? పల్లెల్లో మోతుబరి దగ్గర ఉండేది 12 బోరు జంట గొట్టాల తుపాకి. దాంట్లో పెద్ద గుళ్ల తూటాలు వేసి దుప్పిని, కణుజును, మనుబోతును కొట్టేవారు. పెద్ద గుళ్లు ఒక తూటాలో పది లోపే ఉంటాయి. నలభై గజాలకు అవి చెల్లాచెదురవుతాయి. ఒకటో రెండో పొట్టలో దిగుతాయి. పైగా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జీపులు, వాటి మీద శక్తిమంతమైన లైట్లు వచ్చాయి. రాత్రిపూట వెలుగుకు కళ్లు చెదిరి నిలబడిపోయిన జింకల మందలోకి కాల్చడం వేటగా చెలామణీ అయింది. నల్లరేగడి మైదానాలు జీపుకు అడ్డం లేనివి. కృష్ణజింక దేశమంతటా కుప్పకూలింది ఆ కాలంలోనే. హైదరాబాదు కంటింజెంటులో పనిచేసిన ఆర్. డబ్ల్యు. బర్టన్ ఒకప్పుడు తానే వేటగాడై ఉండీ, ముసలితనంలో వన్యప్రాణుల్ని కాపాడమని అలుపెరగకుండా రాశాడు. తుపాకి పట్టినవాడే మొదట ప్రమాదం పసిగట్టాడంటే ఆశ్చర్యపోనక్కర్లేదు, మందలు పలచబడడం అతనికే ముందు కనిపిస్తుంది.

1972 సెప్టెంబరులో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాని మొదటి రూపాన్ని ఇప్పుడు ఎవరూ చదవరు, చదవాలి. అందులో వేటకు లైసెన్సులు ఉండేవి. 17వ సెక్షను వేటగాడు ఏం చేయకూడదో చెప్పింది. వాహనం మీంచి కాల్చకూడదు. రాత్రి వేటాడకూడదు. లైటు వేయకూడదు. ఉప్పు నాకే చోటా నీటి గుంట దగ్గరా మాటు వేయకూడదు. పెద్ద జంతువుల్ని రైఫిలుతో తప్ప కొట్టకూడదు, ప్రత్యేక అనుమతి ఉంటే ఒకే గుండున్న తూటాతో షాట్‌గన్ వాడొచ్చు. కణుజు ఆ పెద్ద జంతువుల పట్టికలోదే. గుళ్ల తూటాతో కణుజును కొట్టడం ఎంత క్రూరమో ఈ దేశపు చట్టం ఒప్పుకున్న వాక్యం ఇది. ఆలస్యంగానైనా రెండో ప్రశ్నను ప్రభుత్వం పట్టించుకుంది. 1991 సవరణ లైసెన్సు వేటనే ఎత్తేయడంతో ఆ సెక్షనుకు పని లేకుండా పోయింది. కృష్ణజింక మొదటి నుంచీ మొదటి షెడ్యూలులోనే ఉంది. ఇప్పుడది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా.

అయితే కణుజుకు ఎంత గుండన్న ప్రశ్న ప్రపంచంలో ఎక్కడా లేకుండా పోలేదు. 1860లలో ఆస్ట్రేలియాలోని విక్టోరియాకు కణుజుల్ని ఓడల్లో తీసుకెళ్లి వదిలారు. అక్కడి కొండ అడవుల్లో అవి విపరీతంగా పెరిగాయి. ఇవాళ మెల్‌బోర్న్‌లో వేలాది తెలుగు కుటుంబాలున్నాయి. ఆ నగరానికి కొన్ని గంటల దూరంలో మన నల్లమల జాతి జంతువునే చట్టబద్ధంగా వేటాడుతున్నారు. విక్టోరియా నిబంధన సూటిగా ఉంది. కణుజుకు .270 కన్నా చిన్న కాలిబరు వాడకూడదు, గుండు 130 గ్రెయిన్లకు తగ్గకూడదు. అమెరికా కొలరాడోలో ఎల్క్‌కు .24 కాలిబరుకు తగ్గకూడదు, గుండు 85 గ్రెయిన్లు ఉండాలి, విచ్చుకునేదై ఉండాలి, వంద గజాల దగ్గర వెయ్యి ఫుట్ పౌన్ల శక్తి మిగిలి ఉండాలి. రెంటిలో విక్టోరియా గీసిన గీతే నాకు మేలనిపిస్తుంది. 85 గ్రెయిన్లంటే ఐదున్నర గ్రాములు. గురి కుదిరిన రోజున అది చాలొచ్చు. గాలి వీచిన రోజున, జంతువు అర అడుగు కదిలిన క్షణాన, భుజం ఎముక అడ్డొచ్చినప్పుడు ఆ మూడు వందల కిలోల ప్రాణికి అంత చిన్న గుండుతో అన్యాయం జరుగుతుంది.

అమెరికాలో ఈ వాదన ఒక తరం పాటు ఇద్దరి పేర్ల చుట్టూ తిరిగింది. జాక్ ఓ కానర్ 1925లో వచ్చిన .270 వించెస్టర్‌ను మోశాడు, ఎల్మర్ కీత్ లావు కాలిబరు, బరువు గుండే కావాలన్నాడు. ఇద్దరి మధ్యా తెగని తగువును ఒక విధంగా తేల్చినవాడు జాన్ నోస్లర్. కెనడాలో ఒక మూస్ మీద వేగమైన గుండ్లు ఎముక చేరకముందే చితికిపోవడం చూసి, గుండు మధ్యలో లోహపు అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం చెక్కుచెదరకుండా లోతుకు పోతుంది. 1948లో అది అంగళ్లకు వచ్చింది. దానికి అరవై డెబ్బై ఏళ్ల ముందు మన అడవుల్లో ఎక్స్‌ప్రెస్ గుండు విఫలమైన కారణానికి అదే విరుగుడు. ఆ గుండు వచ్చాక .270 కైనా .30-06 కైనా .300 మాగ్నం కైనా ఎల్క్ దగ్గర తేడా చాలా చిన్నదైపోయింది. తర్వాత మొత్తం రాగితో చేసిన గుండ్లు వచ్చాయి. సీసపు తునకలు ఉన్న కళేబరాల్ని తిని రాబందులు విషమెక్కి చస్తున్నాయని తెలిశాక, కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసపు తూటాల్ని పూర్తిగా నిషేధించింది. గుండు జంతువు ఒంట్లో ఏం చేస్తుందన్న ప్రశ్న ఇప్పుడు ఆ ఒంటిని తినే పక్షి దాకా సాగింది.

మన దగ్గర ఆ ప్రశ్న వేరే దారి పట్టింది. 1962లో అమల్లోకి వచ్చిన ఆయుధాల చట్టం రైతు పంట కాపాడుకోవడానికి మూతి నుంచి దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చంటుంది. అదే రైతు పొలంలో కంది, శనగ, పత్తి మొలకల్ని కృష్ణజింకల మంద తినేస్తే ఆ తుపాకి ఎత్తకూడదు. మొదటి షెడ్యూలు జంతువును మనిషి ప్రాణానికి ముప్పు ఉంటేనో, కోలుకోలేని రోగంతోనో గాయంతోనో ఉంటేనో తప్ప చంపడానికి వన్యప్రాణి చట్టం 11వ సెక్షను కింద అనుమతి దొరకదు. పంట నష్టం ఆ కారణాల్లో లేదు. ఆదోని డివిజన్ రైతుకు నష్టపరిహారం ఒక్కటే దారి. ఆ డబ్బు సకాలంలో, నష్టానికి తగినంత అందాలని అడగడం రైతు పక్షమే కాదు, జింక పక్షం కూడా. పరిహారం ఆలస్యమైన ఊళ్లోనే ఉచ్చు, కరెంటు తీగ, నాటు బాంబు పుడతాయి. ఏ పాత నాటు తుపాకికన్నా ఇవి ఎక్కువ చిత్రహింస పెట్టేవి. తీగకు తగిలేది జింకే కాకపోవచ్చు, పొలానికి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనిషీ కావచ్చు.

అడవిలో దొరికిన మాంసం ఏ జంతువుదో తేల్చడానికి అధికారులు ఇప్పుడు హైదరాబాదు సీసీఎంబీకి నమూనాలు పంపుతున్నారు. అక్కడి లాకోన్స్ ప్రయోగశాల డీఎన్ఏను బట్టి కణుజో దుప్పో కృష్ణజింకో చెబుతుంది. తుపాకి కేసైతే కళేబరంలోంచి తీసిన గుండు ఏ బోరుదో, ఏ గొట్టం గాళ్లు దాని మీద పడ్డాయో ఫోరెన్సిక్ నిపుణులు పరిశీలిస్తారు. కోర్టులో సాక్ష్యంగా నిలిచేది ఆ గుండే.